నార్వే కోసం ప్రార్థన

మా అమ్మ దాదాపు ఏడాదిపాటు నార్వే దేశం కోసం ప్రార్థన చేసింది. నవ్వొచ్చే మాటే. మా చర్చిలో ఆడవాళ్లు నవ్వారు కూడా, కాకపోతే అమ్మ వెనకాల. ఆ దేశం ఎటువైపుందో కంకిపాడులో ఎవరికీ పట్టని రోజుల్లో, రోజూ సాయంత్రం లైట్లు వేశాక చాప మీద మోకాళ్లూని, మా వీధివాళ్ల పేర్లూ మా ఊరి పేరూ అయ్యాక ఆవిడ నార్వే పేరు ఎత్తేది. ఆ పేరుని మా ఇంటికి మోసుకొచ్చింది నేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. హోల్‌సేల్ కొట్ల మధ్య, ఒక లాడ్జి మెట్ల పక్కన ఉండేది. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి చేసిన కేబిన్లు, ఒక ఏసీ. ఆ ఏసీ మనుషుల కోసం కాదు, కంప్యూటర్ల కోసం. అవి వేడెక్కితే మా ఓనరుగారి ప్రాణం కొట్టుకునేది, మేం చెమటతో తడిసినా ఆయనకి పట్టేది కాదు. వచ్చినవాళ్లకి టైము చూడటం, ప్రింట్లు తియ్యడం, పరీక్ష ఫలితాల రోజున తోపులాట ఆపడం నా పని. ఇవి చాలవన్నట్టు ఓనరుగారు ఇంటర్నెట్‌లో కొంత చోటు కొని, 'మీ షాపుకి వెబ్‌సైట్ చేసి ఇవ్వబడును' అని బోర్డు పెట్టారు. ఆ పేజీలు తయారుచేసేదీ నేనే. పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్న విద్య. చదువుకుని వచ్చినవాళ్లు చేస్తే ఇంకా బాగుండేదేమో, వాళ్లందరూ అప్పటికే హైదరాబాద్ బస్సెక్కేశారు.

ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అంతకు ముందు ముగ్గురం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నాకో అక్క ఉండేది. తనూ టీచరే, ప్రైవేటు బళ్లో. కాని అక్కని తలుచుకునేవాళ్లు ఎవరూ బడితో తలుచుకోరు, పాటతో తలుచుకుంటారు. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే టేప్ రికార్డరు సంచిలో పెట్టుకుని బస్సెక్కేసేది. హనుమాన్ జంక్షన్ అవతల పల్లెల్లో, చర్చి స్త్రీల సమాజాలకి పాటలు నేర్పడం తనకి పిచ్చి. పొలం పనికి పోయొచ్చిన ఆడవాళ్లు, పాటల పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకునేవాళ్లు. వాళ్లకి నోటితోనే నేర్పాలి. ప్రతి ఊళ్లోనూ అరిచి అరిచి గొంతు బొంగురుపోతోందని, తను కట్టిన కోతపండుగ పాటని ఒక కేసెట్లో పాడి పెట్టుకుంది. తను ఒక ఊళ్లో ఉంటే కేసెట్ ఇంకో ఊళ్లో నేర్పుతుందని దాని లెక్క.

కోతపండుగంటే వరి ఇంటికొచ్చాక మా చర్చిల్లో చేసుకునే పండుగ. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. పిల్లలు ఆ వేలం కోసమే వస్తారు. ఆ రోజున ఏళ్ల తరబడి అవే పాటలు పాడి పాడి విసుగొచ్చిందని అక్క కొత్తది కట్టింది. 'గింజ గింజకీ పేరుంది నీ దగ్గర' అని మొదలవుతుంది. మా సంఘంలో అది తేలిగ్గా నోళ్లలో పడిపోయింది.

ఆ మరుసటి ఏడే అక్కకి కామెర్లొచ్చాయి. ఈ ముక్క కోపం లేకుండా రాయడం నాకు ఈనాటికీ చేతకాదు. మొదట ప్రార్థనలు. తర్వాత పసరు. ఫలానా ఊళ్లో ఆకు పసరు పోయిస్తే ఇట్టే దిగిపోతుందని చెప్పేవాళ్లకి మా వీధిలో కరువు లేదు. పత్యం పేరుతో ఉప్పు లేని అన్నం, మజ్జిగ. కళ్లు పసుపు ముద్దలైపోయాక బెజవాడలో ఆసుపత్రి. ఇంత ఆలస్యం ఎందుకు చేశారమ్మా అని డాక్టరుగారు అడిగితే అమ్మ నోరు విప్పలేదు. నేను విప్పాను, వార్డంతా వినపడేలా. ఆయన్ని కాదు నేను తిట్టింది. అప్పటికే తిట్టి లాభం లేని స్థితికి వచ్చేశాం.

శవపెట్టె మూసేముందు అమ్మ అక్క చేతి కింద బైబిలుతోపాటు ఆ కేసెట్ కూడా పెట్టింది. నాకు మాత్రం ఒక సంగతి తెలుసు. కాపీలు తీయించాలని అక్క అంతకు ముందే కేసెట్ నాకిస్తే, సెంటర్లో కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచాను. ఆ పూట అది చెప్పాల్సిన మాటలా అనిపించలేదు.

ఆ రోజు నుంచీ అమ్మ పాడటం మానేసింది. చర్చికి వచ్చేది, పాస్టరు అయ్యగారు నంబరు చెప్పగానే పాటల పుస్తకంలో పేజీ తీసేది, పెదవి మాత్రం కదిపేది కాదు. ఆ ఏడు కోతపండుగకి ఆడవాళ్లు ప్రేమకొద్దీ అక్క పాట అందుకున్నారు. మొదటి చరణం సగంలో అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లేసరికి ఎండలో మెట్ల మీద కూర్చుని, అక్కడ విడిచిన చెప్పులన్నీ జతలు జతలుగా సర్దుతోంది. లోపల పాట ఆగిపోయింది. టీచరుగారు తట్టుకోలేరని ఆ తర్వాత మా చర్చిలో ఎవరూ ఆ పాట ఎత్తలేదు. ఆ మాట పాకి చుట్టుపక్కల ఊళ్లలోనూ మానేశారు. పగతో మనుషుల్ని చంపుతారని తెలుసుగాని, జాలితో పాటని చంపుతారని నాకప్పుడే తెలిసింది.

అమ్మకీ అది తెలుసు. ఒక ఆదివారం సాయంత్రం బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది:

"నేను వినలేనే. దాని గొంతు చెవిన పడితే నా ప్రాణం లాగేస్తుంది. కాని నా మూలంగా దాని పాట పోతోంది. ఎక్కడన్నా, నాకు వినపడనంత దూరంలో, ఎవరో ఒకరు వింటే బావుణ్ణు."

అప్పుడు చెప్పాను, కంప్యూటర్లో ఒక కాపీ ఉందని. అమ్మ బియ్యం చాట పక్కన పెట్టింది. "దూరంగానే ఉంచుతావుగా?" అని మాత్రం అడిగింది. ఉంచుతానన్నాను. ఓనరుగారి కాళ్లావేళ్లా పడి, షాపుల పేజీల మధ్య అక్కకి ఒక పేజీ చేశాను. అమ్మ ఫోటో వద్దంది. తెలుగు అక్షరాలు అప్పట్లో అందరి కంప్యూటర్లలో కనపడేవి కాదు గనక పాట మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. కింద ఒక బటన్. అది నొక్కితే పాట వస్తుంది. ఆ పేజీ అంతే.

మా పేజీల్లోకి వచ్చిపోయేవాళ్ల జాడ, ఏ పేజీది దానికే విడిగా, ఒక ఫైల్లో పడేది. పేర్లుండవు. చుక్కలతో విడగొట్టిన నాలుగు సంఖ్యలు, పక్కన టైము, తెరిచిందేమిటో. ఇంటికి డోర్ నంబరున్నట్టు ఇంటర్నెట్‌లోకి వచ్చే ప్రతి కంప్యూటరుకీ అలాంటి నంబరుంటుంది. వాటిని పంచిపెట్టే ఆఫీసులు ప్రపంచంలో అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. ఏ నంబరు ఏ దేశంలో ఎవరికిచ్చారో వాళ్ల సైట్లలో అడిగితే చెబుతారు.

కొన్ని వారాలు అక్క పేజీకి ఎవరూ రాలేదు. ఫైల్లో కనపడేది మా సెంటరు నంబరే, నేను సరిచూసుకున్నది. తర్వాత ఒక ఉదయం తాళం తీసి కూర్చునేసరికి కొత్త నంబరొకటి ఉంది. ఆసియా వాళ్లని అడిగితే మాది కాదన్నారు. అమెరికా వాళ్లని అడిగితే యూరప్‌లో అడుగు అన్నారు. రెవెన్యూ ఆఫీసులో తిప్పినట్టు తిప్పారు. యూరప్ వాళ్ల దగ్గర దొరికింది. దేశం ఉన్నచోట రెండక్షరాలున్నాయి. అవి ఏ దేశానివో ఇంకో పట్టికలో వెతికితే తేలింది. నార్వే.

మర్నాడు కూడా అదే నంబరు. ఆ మర్నాడు కూడా. ఎప్పుడూ మనకి తెల్లవారుజామునే. ఆ సాయంత్రం బస్సులో పోరంకి దాకా నిలబడే వచ్చాను, అలసటే తెలియలేదు.

"నార్వేనా?" అంది అమ్మ. "ఊరు?"

"ఊరు రాదమ్మా. దేశం వరకే నమ్మకంగా తెలుస్తుంది."

"పేరు?"

"పేరు అసలే రాదు."

మర్నాడు బళ్లో ప్రపంచ పటం గోడకి తగిలించి చూసుకొచ్చింది. పైన అంచున, దువ్వెన పళ్లు విరిగినట్టుందని చెప్పింది. మనకి తెల్లారగట్ల నాలుగంటే అక్కడ ఇంకా అర్ధరాత్రి కాలేదని లెక్కగట్టింది. చలికాలంలో అక్కడ కొన్ని చోట్ల సూర్యుడే కనపడడని పుస్తకంలో చదివింది. ఇవన్నీ కలిపి ఒక మనిషిని తయారుచేసుకుంది.

"నిద్ర పట్టని మనిషే" అంది. "పాపం, ఎవరినో పోగొట్టుకుని ఉంటుంది."

"ఆడమనిషని ఎలా తెలుసు?"

"మగాళ్లకి నిద్ర పట్టకపోవడమేంటే?"

"వాళ్లకి తెలుగు రాదు కదమ్మా."

"హల్లెలూయ ఏ భాషో నీకు తెలుసా? ఊరంతా అనడం లేదూ?"

అమ్మ వాదన పెట్టుకుని చాలా నెలలైంది. వాదించినందుకే నాకు సంతోషమేసింది.

మా స్త్రీల సమాజంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాది మొదట్లో దేశాల పేర్లు చీటీల మీద రాసి పౌడర్ డబ్బాలో వేసి తీస్తారు. ఎవరికొచ్చిన దేశం కోసం వాళ్లు ఏడాదంతా ప్రార్థన చెయ్యాలి. ఆ ఏడు అమ్మకి బ్రెజిల్ వచ్చింది. నార్వే డబ్బాలోనే లేదు, చీటీలు రాసినవాళ్లకి ఆ పేరు తోచలేదు. అమ్మ వెళ్లి బ్రెజిల్ తిరిగిచ్చేసి నార్వే రాయించుకుంది. బ్రెజిల్‌ని పక్కింటావిడకి అంటగట్టబోతే, "నాకు కెన్యా ఉందండీ టీచరుగారూ, రెండు దేశాలు మొయ్యలేను, మోకాళ్ల నొప్పులు" అందావిడ. బ్రెజిల్ ఆ ఏడు ఎవరి ప్రార్థనా లేకుండానే గడిపింది.

ఇక చూడాలి. నేను బస్సు దిగి గుమ్మంలో అడుగు పెట్టగానే "వచ్చిందా?" అని అడిగేది. వచ్చిందంటే స్టవ్ వెలిగించి కాఫీ పెట్టేది. అక్క పోయాక అమ్మ తనంతట తను రోజూ నన్ను అడిగిన మాట అదొక్కటే. అడిగింది నన్ను కాదు, నార్వేనని నాకు తెలుసు. ఒక్కోసారి ఒళ్లు మండేది. ఎదురుగా ఉన్న కూతురు తిన్నదో లేదో పట్టదు, మొహం తెలియని మనిషి నిద్రపోయిందో లేదో కావాలి. అయినా చప్పుడు లేని ఇంట్లో ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది, దాన్ని పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదు. ఒకసారి ఆ నంబరు వరసగా కొన్నాళ్లు రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ ఉపవాసం ఉంది. మళ్లీ వచ్చిందని చెప్పిన రోజున చక్రపొంగలి వండింది. మా ఇంట్లో తీపి వండి ఎన్నాళ్లయిందో.

వర్షాకాలం పోయి, నాట్లు ఎదిగి, చేలు పసుపు తిరిగాయి. అమ్మ చర్చిలో అయ్యగారి దగ్గరికి వెళ్లి, ఈసారి కోతపండుగనాడు సాక్ష్యం చెబుతానంది. మాలో సాక్ష్యమంటే, దేవుడు తనకి చేసిన మేలుని సంఘం ముందు నిలబడి నోరారా చెప్పడం. తన కూతురి పాటని దేవుడు ఎక్కడికి తీసుకెళ్లాడో చెప్పి, చెప్పాక ఆ పాట అందరినీ పాడమని అడుగుతానంది.

"నువ్వు లోపలే ఉంటావా?" అని అడిగాను.

"ప్రయత్నం చేస్తా" అంది.

ఆ వారంలోనే పక్క వీధిలో వ్యవసాయ మోటార్ల సామాన్ల కొట్టు ఆయన సెంటరుకొచ్చాడు. ఆయన పేజీ చేసిందీ నేనే. మోటార్లు, పైపులు, బేరింగులు, ఫుట్‌వాల్వుల పట్టీ, అంతే.

"ఏమ్మా, మన పేజీ ఎవరన్నా చూస్తన్నారా, ఊరికే పెట్టామా?"

ఫైలు తీశాను. ఆయన పేజీ లెక్క నేను ఎప్పుడూ చూసినదాన్ని కాదు. ఒకటే నంబరు, కిందనుంచి పైదాకా. తెల్లవారుజాము టైములు. ఆ అంకెలు నాకు మా ఇంటి నంబరు కంటే బాగా తెలుసు.

"ఎవరమ్మా?"

"నార్వే అండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. "అక్కడ వరి పండిద్దా?"

"పండదండీ."

"మరాళ్లకి ఫుట్‌వాల్వులెందుకు?"

ఆయనకేం చెప్పి పంపానో గుర్తులేదు. మిగతా పేజీల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచాను. స్టీలు గిన్నెల కొట్టు. లాడ్జి రూముల రేట్లు. పెళ్లికార్డుల ప్రెస్. అన్నిటికీ అదే నంబరు, అన్నిటికీ అంతే శ్రద్ధగా వస్తోంది. అక్క పాట కోసం నిద్ర మానుకున్న మనిషి స్టీలు గిన్నెల కోసం కూడా నిద్ర మానుకుంటోంది.

ఆ పూటంతా చదివితే అర్థమైంది. నార్వేలో ఒక కంపెనీ ఇంటర్నెట్‌లో వెతుక్కునే సైటు నడుపుతోంది. ఏ పేజీలో ఏముందో తెలుసుకోడానికి వాళ్ల యంత్రమొకటి ప్రపంచంలోని పేజీలన్నీ పగలూ రాత్రీ తిరుగుతుంటుంది. దానికి నిద్ర లేకపోవడం నిజమే. చివరికి ఒక పని చేశాను, అంతవరకూ తోచనిది. అక్క పేజీ ఫైల్లో పాట కోసం విడిగా వెతికాను. బటన్ నొక్కితే పాట పేరు కూడా ఫైల్లో పడాలి. పేజీ తెరవడమంటే పాట వినడమేనని నేనూ అమ్మలాగే అనుకున్నాను. వచ్చిన ప్రతిసారీ ఆ యంత్రం పేజీలో అక్షరాలు ఏరుకుని వెళ్లిపోయింది. బటన్ నొక్కలేదు. ఈ భూమ్మీద నేను తప్ప ఇంకెవరూ నొక్కలేదు.

చెప్పకుండా ఉండొచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. రెండు మూడు రోజులు నేనూ అదే అనుకుని, "వచ్చిందా?" అంటే తల ఊపాను. కాని అమ్మ సంఘం ముందు నిలబడి ఆ మాట చెబుతుంది. చెప్పింది ఊళ్లన్నీ తిరుగుతుంది. మా సంఘంలో కంప్యూటర్ కోర్సు చదివే కుర్రాడెవడో ఒకడు, రేపో మాపో, అందరి ముందూ నవ్వుతూ సరిదిద్దుతాడు. అది నేను భరించలేను. చెప్పేదేదో ఇంట్లోనే, నా నోటితోనే చెప్పాలి.

శనివారం సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని, చర్చిలో పెట్టడానికి వరి కంకులు కుచ్చుగా అల్లుతోంది.

"అమ్మా, రేపు నార్వే సంగతి చెప్పొద్దు."

"ఏం?"

"అది మనిషి కాదు. యంత్రం. అన్ని పేజీలకీ అలాగే వెళుతుంది. మోటార్ల కొట్టు పేజీకి కూడా."

చేతులు ఆగాయి. "నార్వే కాదా అయితే?"

"నార్వే నిజమే. మనిషే లేదు."

ఆవిడ ఇంకో కంకి అందుకుంది. "పోనీ, యంత్రమైతే ఏం. విందిగా?"

నేను అక్కడితో ఆపాల్సింది. ఆపలేకపోయాను. సగం నిజం చెప్పడం నాకు రాదు. "అది పాట తెరవదమ్మా. అక్షరాలు చూసుకుని పోతుంది."

"ఒక్కసారన్నా?"

"ఒక్కసారి కూడా."

"ఇంకెవరూ?"

"ఎవరూ."

కంకులు ఒళ్లోంచి జారిపోతున్నా పట్టుకోలేదు. "అయితే ఇన్నాళ్లూ అది అక్కడ ఒక్కతే పాడుకుంటోందా" అంది.

అక్క పోయిన రోజు కంటే నాకు ఆ సాయంత్రం ఎక్కువ భయమేసింది. ఆ రోజున ఏడ్చేవాళ్లు చుట్టూ ఉన్నారు. ఇప్పుడు ఏడవడానికి కూడా కొత్తగా ఏమీ జరగలేదు, ఎవరికీ చెప్పుకోలేం. ప్రార్థనలో అమ్మ మా వీధివాళ్ల పేర్లు చెప్పింది, మా ఊరి పేరు చెప్పింది, ఆగింది. ఆమెన్ అనేసి లేచి చాప చుట్టింది.

మర్నాడు చర్చి నిండిపోయింది. గుమ్మడికాయల మధ్య అమ్మ అల్లిన కుచ్చు కూడా వేలాడుతోంది, ఒక పక్క వదులుగా. అయ్యగారు, "టీచరుగారు మనకో సాక్ష్యం చెబుతానన్నారు" అని పిలిచారు. అమ్మ లేచి నిలబడింది. అందరూ తిరిగి చూశారు. "ఏం లేదండీ అయ్యగారూ" అని కూర్చుంది. ఎవరో దగ్గారు. అయ్యగారు గబగబా వేరే పాట నంబరు చెప్పారు. అమ్మ ఆ పేజీ తీసి, పుస్తకం మూసేసింది.

సోమవారం పొద్దున నేను బయలుదేరుతుంటే వంటింట్లోంచి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. బడికి సెలవు చీటీ పంపానంది. "నువ్వు పనిచేసే చోటికి వస్తా."

బెంజ్ సర్కిల్ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. సెంటర్లో అప్పటికే కుర్రాళ్లు చేరారు. చెప్పులు బయట విడవబోతే అక్కర్లేదన్నాను, అయినా విడిచే వచ్చింది. చివరి కేబిన్లో కూర్చోబెట్టాను. ఆ కుర్చీలో ఆవిడ చుట్టాలింట్లో కూర్చున్నట్టు అంచు మీద కూర్చుంది. హెడ్‌ఫోన్స్ స్పాంజి చిరిగిపోయి ఉంటే చేతిరుమాలుతో తుడిచి పెట్టాను.

"ఇది బయటికి వినపడిద్దా?"

"నీకొక్కదానికే."

"ఇంక దాన్ని ఒక్కదాన్నే పాడనివ్వకూడదు" అంది, నాతో కాదు. కళ్లు మూసుకుంది. నేను బటన్ నొక్కాను.

పాట ఎంత నడిచిందో చూపే గీత తెరమీద మెల్లగా కదలడం మొదలుపెట్టింది. అమ్మ బిగుసుకుపోయి బల్ల అంచు పట్టుకుంది. లాగేద్దామా అనుకున్నాను. ఇంతలో ఆవిడ పాడింది.

చెవులు మూసుకుపోయినవాళ్లు ఎంత గట్టిగా పాడుతున్నారో వాళ్లకి తెలియదు. సెంటరంతా ఉలిక్కిపడింది. కేబిన్ల మీంచి తలలు లేచాయి. ఒకడు కిసుక్కున నవ్వాడు, నావైపు చూసి మానేశాడు. ఓనరుగారు కుర్చీలోంచి లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఎన్నాళ్లుగానో వాడని గొంతు, జీరపోయి, శ్రుతి తప్పి వస్తోంది. ఒక లైను పాడి ఆగిపోయేది. కొంతసేపు ఏమీ లేదు, ఏసీ మోత, కీబోర్డుల టకటక. మళ్లీ ఒక లైను. ఎవరో తలకాయ పాడైన మనిషి అనుకుని ఉంటారు. అక్క ఆ పాట నేర్పడానికి పాడింది. ఒక లైను తను పాడి, వినేవాళ్లు అదే మళ్లీ పాడుకోడానికి చోటు వదిలి, గట్టిగా ఊపిరి పీల్చి తర్వాతి లైను అందుకుంటుంది. అమ్మ ఆ వదిలిన చోట్లలో పాడుతోంది. మధ్యలో ఆవిడ ఆగినప్పుడల్లా అక్క పాడుతోందని ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

చివరి చరణం చివరి లైను కూడా పాడేసి అమ్మ ఆగింది. గీత చివరికంటా వచ్చి నిలిచిపోయింది. ఆవిడ కళ్లు తెరవలేదు, తల కొంచెం పక్కకి వంచి అలాగే ఉంది. ఎంతకీ కదలకపోతే వంగి, హెడ్‌ఫోన్ ఒక పక్క తీసి, "అయిపోయిందమ్మా" అన్నాను.

అమ్మ నా చెయ్యి తోసేసి దాన్ని మళ్లీ చెవికి అదుముకుంది.

"ఉండవే. ఊపిరి తీసుకుంటోంది."